‘హ్యాపీ గుడ్ ఫ్రైడే’ అని మెసేజ్ పెట్టేశాను, తప్పయిందా?

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తిరుపతి బస్టాండు దగ్గర హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తున్నావు. నీతో నైట్ డ్యూటీ చేసే అమ్మాయి క్రైస్తవురాలు. పోయిన గుడ్ ఫ్రైడే నాడు పొద్దున్నే పూలగుత్తులూ బెలూన్లూ ఉన్న బొమ్మతో ‘హ్యాపీ గుడ్ ఫ్రైడే’ అని పంపావు. ఆమె ఒక్క దండం బొమ్మ పెట్టి ఊరుకుంది. ఆ తర్వాత ఎవరో ‘ఒరే, అది వాళ్ళ దేవుడు చనిపోయిన రోజురా’ అనేసరికి నీకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు నువ్వడిగేవి మూడు. చనిపోయిన రోజైతే ‘గుడ్’ ఎందుకు? అది మీ ఇళ్ళల్లో పెట్టే తద్దినం లాంటిదా? వచ్చే ఏడు ఆ రోజు చర్చికి వచ్చి కూర్చోవచ్చా?

‘నువ్వు’ అంటున్నానని ఏమీ అనుకోకు. ముప్పై మూడేళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, నోటికి అదే వస్తుంది. చిత్తూరులో మాది సీయస్సై, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా సంఘం. నేను పాస్టర్ని కాదు, సంఘపెద్దని మాత్రమే. అయితే గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఆరాధనలో, యేసు సిలువ మీద పలికిన ఒక మాట మీద ప్రసంగం చెప్పమని 1989 నుంచి పిలుస్తూనే ఉన్నారు. అందుకే ఈ రోజు గురించి నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. అన్నీ మా సంఘం వాళ్ళకే నచ్చవు.

ముందు నీ భయం తీరుస్తా. తప్పేమీ కాలేదు. ఆ అమ్మాయికి అలాంటి మెసేజీలు ఏటా పది వస్తుంటాయి. పోయినేడు మా సంఘం వాట్సాప్ గ్రూపులోనే ఒక పెద్దాయన గులాబీపూల మీద ‘శుభ శుక్రవార శుభాకాంక్షలు’ అని పెడితే కింద పదిహేను మంది ‘సేమ్ టు యూ’ అన్నారు. తికమక నీ ఒక్కడిదే కాదు, ఆ పేరులోనే ఉంది.

ఇంగ్లీషులో ‘గుడ్’ అనే మాటకు పూర్వం పవిత్రమైన, భక్తితో ఆచరించే అని కూడా అర్థం ఉండేది. ఆ అర్థం వాడుకలోంచి పోయింది, ఈ రోజు పేరులో మాత్రం ఇరుక్కుని మిగిలింది. మనవాళ్ళు దాన్ని మాటకు మాట పెట్టి ‘మంచి శుక్రవారం’, ‘శుభ శుక్రవారం’ చేశారు. ‘గాడ్స్ ఫ్రైడే’ అన్నది అరిగి ‘గుడ్ ఫ్రైడే’ అయిందని కొందరు ప్రసంగాల్లో చెప్తుంటారు. దానికి ఆధారం లేదు, నమ్మకు.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా నాలుగు భాషలు వినిపించే చోటు గదా, చుట్టుపక్కల అడిగితే సంగతి తెలుస్తుంది. మా వీధిలో తమిళ కుటుంబాలు ‘పెరియ వెళ్ళి’ అంటాయి, అంటే పెద్ద శుక్రవారం. గ్రీకులో కూడా అంతే, మహా శుక్రవారం. ఆసుపత్రుల్లో పనిచేసే కేరళ నర్సమ్మల్ని అడుగు, ‘దుఃఖ వెళ్ళి’ అంటారు. తిరుపతి వైపు లూథరన్ సంఘానికి పునాది వేసింది 19వ శతాబ్దంలో వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ జర్మన్లు. వాళ్ళ భాషలో దాని పేరు ‘కార్‌ఫ్రైటాగ్’. ‘కార’ అంటే పాత జర్మన్‌లో విలాపం. మా చిత్తూరు వైపు వచ్చింది అమెరికా వాళ్ళ ఆర్కాటు మిషన్, వాళ్ళు ‘గుడ్ ఫ్రైడే’ తెచ్చారు. మన క్యాలెండర్లు జర్మన్లు అచ్చేసి ఉంటే నువ్వు బెలూన్లు పంపేవాడివి కాదు! కాథలిక్కులు ‘పవిత్ర శుక్రవారం’ అంటారు. నన్నడిగితే తెలుగులో సరిగ్గా అతికిన పేరు అదొక్కటే.

ఇక తద్దినం సంగతి. పోలిక పూర్తిగా తప్పు కాదు, ఒక విషయంలో నువ్వనుకున్నదానికంటే దగ్గర కూడా. తద్దినానికి తేదీ చూడరు, తిథి చూస్తారు గదా. దీనికీ అంతే, చంద్రుడే లెక్క. యేసును సిలువ వేసింది యూదుల పస్కా పండుగ రోజుల్లో. పస్కా పౌర్ణమికి వస్తుంది. అందుకని మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారం ఈస్టర్, దానికి రెండు రోజుల ముందు గుడ్ ఫ్రైడే. ఈ లెక్కన మార్చి 20కీ ఏప్రిల్ 23కీ మధ్య ఎప్పుడైనా పడొచ్చు. 2024లో మార్చి 29న వచ్చింది, 2025లో ఏప్రిల్ 18న, 2026లో ఏప్రిల్ 3న. కొన్నేళ్ళు కొండమీద వసంతోత్సవాలూ ఈస్టర్‌కు ముందు వచ్చే మా శ్రమల వారమూ ఒకే పౌర్ణమికి వచ్చి పడతాయి. ఆ వారం మీ హోటల్లో రూములు దొరకవు, ఆ అమ్మాయికి సెలవూ దొరకదు.

పౌర్ణమి అన్నాను గనక ఒక పక్కమాట. ఆ రోజు మధ్యాహ్నం నుంచి మూడు గంటల వరకు దేశమంతా చీకటి కమ్మిందని సువార్తల్లో, అంటే బైబిల్లో యేసు కథ చెప్పే పుస్తకాల్లో ఉంది. అది సూర్యగ్రహణం అని తేల్చేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. సూర్యగ్రహణం అమావాస్యకు గదా వచ్చేది, పౌర్ణమికి ఎట్లా వస్తుంది? పంచాంగం ఉన్న ఇంట్లో పిల్లాడికైనా తెలిసిన సంగతి. మూడో శతాబ్దంలోనే జూలియస్ ఆఫ్రికానుస్ అనే క్రైస్తవ చరిత్రకారుడు ఈ అభ్యంతరమే చెప్పాడు. ఆ చీకటి ఏమిటన్నది అట్లా ఉంచు. ఆ మూడు గంటలు మాత్రం గుర్తుపెట్టుకో, మళ్ళీ అక్కడికే వస్తాను.

తద్దినానికీ దీనికీ తేడా ఇది. తద్దినం పోయినవాళ్ళకు పెడతారు. మేం ఆదివారం ఆయన తిరిగి లేచాడని నమ్మేవాళ్ళం, ఆయన ఉన్నాడనే అనుకుంటాం. అంటే శుక్రవారం నాడు కూడా కథ చివర ఏముందో మాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు దాన్ని నోటికి రానివ్వకుండా ఆగుతాం. ఆ రోజు ఆచారాలన్నీ ఈ ఆగడంలోంచి పుట్టినవే.

ఇది కళ్ళారా చూడాలంటే కాథలిక్కుల దగ్గర చూడాలి. గురువారం రాత్రి పూజ అవగానే బలిపీఠం మీది గుడ్డలు, కొవ్వొత్తులు, సిలువతో సహా తీసేస్తారు. గంటలు ఆగిపోతాయి, ఈస్టర్ జాగరణ పూజ వరకు మళ్ళీ మోగవు. ఏడాది పొడుగునా చేసే దివ్యబలిపూజ శుక్రవారం నాడు ఎక్కడా జరగదు. మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో ఎర్ర వస్త్రాలు వేసుకున్న గురువు పాటా పల్లకీ లేకుండా నడిచొచ్చి, ఆ బోసి పీఠం ముందు నేలమీద బోర్లా పడుకుంటాడు. గుడి నిండా జనం మోకాళ్ళ మీద ఉంటారు, ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత యోహాను సువార్తలోని శ్రమల చరిత్ర చదువుతారు. పది పెద్ద ప్రార్థనలుంటాయి. వాటిలో క్రీస్తును నమ్మనివాళ్ళ కోసం ఒకటి, దేవుణ్ణే నమ్మనివాళ్ళ కోసం ఒకటి, పాలకుల కోసం ఒకటి, కష్టాల్లో ఉన్నవాళ్ళ కోసం ఒకటి. తర్వాత వరసలో వచ్చి సిలువను ముద్దుపెట్టుకుంటారు. ముగింపు పాట లేకుండా, పలకరింపులు లేకుండా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. ఉపవాసానికి వాళ్ళ దగ్గర నియమం ఉంది: 18 నుంచి 59 ఏళ్ళ వాళ్ళు ఒక్కపూటే కడుపునిండా తినాలి, 14 నిండినవాళ్ళు మాంసం ముట్టకూడదు. మా దగ్గర అంత లెక్కలేదు, చేతనైనవాళ్ళు మూడు దాటేదాకా మంచినీళ్ళతో ఉంటారు.

మా ప్రొటెస్టెంటు సంఘాల్లో పన్నెండు నుంచి మూడు వరకు ఆరాధన. సిలువ మీద యేసు పలికినవి నాలుగు సువార్తలూ కలిపితే ఏడు మాటలు. ఒక్కో మాటకు ఒక్కొక్కరు లేచి ప్రసంగం చెప్తారు, మధ్యలో శ్రమల పాటలు పాడతారు. తమాషా ఏమంటే, మేం మా సొంతం అనుకునే ఈ మూడు గంటల ఆరాధన మొదలుపెట్టింది కాథలిక్కులే. పెరూ దేశంలో లీమా పట్నంలో అలోన్సో మెస్సియా అనే జెస్విట్ (అదొక కాథలిక్ గురువుల సంస్థ) గురువు దీన్ని ఆరంభించాడు. అక్కణ్ణుంచి రోముకూ, చాలాకాలానికి ఇంగ్లండుకూ చేరి, మిషనరీల పెట్టెల్లో మన ఊళ్ళకు వచ్చింది.

ఏప్రిల్ ఎండలో రేకుల కప్పు కింద తెల్లచీరల్లో ఆడవాళ్ళు, విసనకర్రలు, ఏడ్చే పిల్లలు, గంటంపావుకే కళ్ళు మూతలు పడే నాలాంటి ముసలివాళ్ళు. ఏడుగురం ప్రసంగీకులం. ఒక్కొక్కరికీ ఇరవై నిమిషాలని చెప్తారు, ఎవరూ ఇరవైతో దిగరు. చాలా ఏళ్ళు నేనూ దిగలేదు.

ఇరవై ఏళ్ళ కిందట అనుకుంటా, ఆరాధన అయ్యాక బయట వేపచెట్టు కింద అంబలి పోస్తున్నారు. గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. పల్లె నుంచి ఆటోలో వచ్చే ఒక ముసలమ్మ నా దగ్గరకొచ్చింది. చెరుకు కొట్టే కూలిపనికి పొయ్యే మనిషి. ‘ఏం సారూ, మీరు ఏడుమంది కలిసి మూడు గంటలూ నోరు మూయకుండా చెప్తిరే. ఆయప్ప ఆ మూడు గంటలూ నోరే తెరవలేదంట గదా?’ అనింది. వెటకారం లేదు. నిజంగానే అడిగింది.

నాకు జవాబు రాలేదు. ఇంటికిపోయి బైబిలు తెరిచి చూశాను. ఆమె చెప్పింది నిజం. నాలుగు సువార్తలూ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి మూడు మాటలు చీకటి కమ్మకముందువని లెక్క వేస్తారు. చంపుతున్నవాళ్ళను క్షమించమని తండ్రిని అడిగిన మాట, పక్క సిలువ మీది దొంగకు పరదైసు, అంటే స్వర్గం, ఇచ్చిన మాట, తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట. మిగతా నాలుగూ మూడింటప్పుడు, ప్రాణం పొయ్యే ముందు వరసగా వచ్చినవి. నడుమ ఆ చీకట్లో ఆయన అన్న ఒక్క మాట కూడా ఏ సువార్తికుడూ రాయలేదు. మేం ఏటేటా గొంతు చించుకుని నింపుతున్నది సరిగ్గా ఆ ఖాళీని.

ఆ ముసలమ్మకు అదెట్లా తట్టిందో తర్వాత ఉపదేశిగారు చెప్తే తెలిసింది. అంతకుముందు ఏడు ఆమె కొడుకు లారీ ప్రమాదంలో దెబ్బలు తగిలి రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉండి పోయాడు. ఆ రెండు రాత్రులూ వరండాలో గోడకానుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి చెప్పి పోయారట. దేవుడి చిత్తం అన్నారొకరు, అంతా మంచికే అన్నారొకరు. ఒక చుట్టాలామె మాత్రం ఏమీ అనకుండా వచ్చి పక్కన కూర్చుని తెల్లారిందాకా ఉండిందట. గుడ్ ఫ్రైడే అర్థం ఏమిటని నువ్వడిగావు. నేను చదివిన పుస్తకాలకంటే ముందు నాకు ఆ వరండా గుర్తొస్తుంది.

పుస్తకాల మాట కూడా చెప్పాలి, లేకపోతే ముసలాయన పక్కదారి పట్టించాడంటారు. సిలువ మీద మరణం మనిషిని ఎట్లా రక్షిస్తుందని క్రైస్తవులు రెండువేల ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. తొలి శతాబ్దాల్లో ఎక్కువగా చెప్పింది విడుదల కథ: చావు చేతిలో బందీగా ఉన్న మనిషిని దేవుడు చావులోకే చొరబడి విడిపించుకొచ్చాడు. 11వ శతాబ్దం చివర్లో అన్సెల్మ్ అనే పండితుడు దాన్ని బాకీ లెక్కగా మార్చాడు: మనిషి దేవుడికి ఇవ్వాల్సింది ఇవ్వలేకపోయాడు, మనిషిగా పుట్టిన దేవుడే అది చెల్లించాడు. మన తెలుగు ప్రసంగాల్లో ‘క్రయధనం’, ‘పాపపరిహారం’, ‘ప్రాయశ్చిత్తం’ అని వినిపించేవి ఎక్కువగా ఈ దారివే.

నేనూ పదిహేనేళ్ళు ఈ కథే చెప్పాను. మనవైపు అందరికీ అర్థమయ్యే పోలిక ఉండేది: జామీను. చెరుకు రైతు అప్పు తీర్చలేకపోయాడు, జామీను సంతకం పెట్టినాయన తన పొలం అమ్మి కట్టేశాడు. చెప్పగానే జనం తలలూపేవాళ్ళు, ప్రతి ఇంట్లో అట్లాంటి సంతకం ఒకటి ఉంటుంది మరి. ఆ పోలిక అబద్ధం కాదు, బైబిల్లో దానికి చోటుంది. అయితే అదొక్కటే చెప్తే తండ్రి వడ్డీవ్యాపారి అయిపోతాడు, కొడుకు ఆయన దగ్గర్నుంచి మనల్ని కాపాడినవాడౌతాడు. ఇద్దరి మధ్యా గొడవ పెట్టినట్టే గదా! దేవుడు కోపంతో ఎవరినో ఒకరిని కొట్టాలి గనక కొడుకును కొట్టాడని పిల్లలకు చెప్తుంటే విని, నేను ఆ ప్రసంగం మానేశాను.

నాలుగో మాట దగ్గర ఆగితే వేరే దృశ్యం కనిపిస్తుంది. ‘ఏలీ, ఏలీ, లామా సబక్తానీ’. తెలుగు బైబిల్లో దానికి అర్థం ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అని ఉంటుంది. ఇది బైబిల్లోనే కీర్తనల పుస్తకంలో 22వ కీర్తన మొదటి వాక్యం. విచిత్రం చూడు, ఆ కీర్తన దగ్గర మనవాళ్ళే ‘విడనాడితివి’ అని రాశారు, సువార్తకొచ్చేసరికి ‘చెయ్యి విడిచితివి’ అన్నారు. మూలంలో ఆ వాక్యంలో చెయ్యి లేదు. వదిలేశావు అనే ఉంది. చెయ్యి మన తెలుగు తెచ్చి పెట్టింది. తెలుగు మాస్టారిగా చెప్తున్నా, బైబిలు అనువాదం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన చోటు అదే.

నువ్వుండేది తిరుపతిలో, నీకు వివరించక్కర్లేదు. మా అమ్మాయికి ఐదేళ్ళప్పుడు మీ బస్టాండులోనే, బ్రహ్మోత్సవాల రద్దీలో, నా చేతిలోంచి దాని చెయ్యి జారిపోయింది. పది నిమిషాలు. ప్లాట్‌ఫారం చివర ఒక కండక్టరు పక్కన నిలబడి ఏడుస్తూ కనిపించింది. చుట్టూ వందల మంది, కండక్టరు బిస్కెట్టు ఇస్తున్నాడు. అది మాత్రం ‘నాన్నా, నాన్నా’ అనే అరుస్తోంది. నేను పోయి ఎత్తుకుంటే నా మెడ గట్టిగా పట్టుకునే అడిగింది, ‘ఎందుకు వదిలేశావు?’ అని. నా దగ్గర సమాధానం లేదు. అది సమాధానం కోసం ఆగనూ లేదు, మెడ వదలనూ లేదు.

‘నా దేవా’లో ఆ ‘నా’ను చూడు. వదిలేశావని అడుగుతూనే ‘నా’ అంటున్నాడు. 22వ కీర్తన చివర్లో స్తుతి ఉంది గనక యేసు మనసులో ఉన్నది ఆ చివరి భాగమే, ఇది నిజమైన ఆక్రందన కాదు అని సర్దిచెప్పేవాళ్ళున్నారు. కీర్తన చివర స్తుతి ఉన్నమాట నిజమే. కానీ ఆయన కేకపెట్టింది చివరి చరణం కాదు, మొదటిది. దేవుడు కనపడని చోట మనిషి పెట్టే కేకను దేవుడి కొడుకే పెట్టాడన్నది ఆ రోజు మేం చెప్పుకునే అసలు సంగతి. ఇకపైన ఏ వరండాలో ఎవరు ఆ కేక పెట్టినా అది దేవుడికి కొత్తది కాదు. బాధకు కారణం చెప్పలేదు ఆయన. బాధలోకి దిగి అక్కడ ఉన్నాడు.

ఏడో మాటలో మళ్ళీ చెయ్యి వస్తుంది. ‘తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను’. ఈసారి చెయ్యి మూలంలోనే ఉంది, 31వ కీర్తనలోది. విడిచేసిందన్న ఆ చేతికే మళ్ళీ అప్పగింత. నాలుగో మాటకూ ఏడో మాటకూ మధ్య ఎంతసేపు పట్టిందో తెలియదు, బహుశా నిమిషాలే. ఆ నిమిషాల్లో దాహం వేస్తోందన్నాడు, సమాప్తమైందన్నాడు. చెయ్యి దొరికిందని మాత్రం అనలేదు.

మీ తిరుపతి లూథరన్లకు నచ్చే మాటొకటి. 1518లో వాళ్ళ మూలపురుషుడు మార్టిన్ లూథర్ జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో చర్చకు పెట్టిన సూత్రాల్లో ఒకదాని సారం ఇది: వైభవం వెంటపడే పండితుడు చెడ్డను మంచి అంటాడు, సిలువను చూసి నేర్చుకున్నవాడు ఉన్నదాన్ని ఉన్నట్టు పిలుస్తాడు. కొడుకు పోయిన తల్లితో ‘అంతా మంచికే’ అన్నవాళ్ళు గుర్తొచ్చినప్పుడల్లా ఈ సూత్రం గుర్తొస్తుంది.

ఆ రోజుకు ఇంకో ముఖం ఉంది. అది నాకు ఇబ్బందైనది గనక దాటేయాలనిపిస్తుంది, కానీ చెప్తాను. ఆ కథలో చెయ్యి ఇంకోచోట కూడా ఉంది. రోమా అధిపతి పిలాతు, ఈ మనిషిలో తప్పేమీ లేదని తెలిసి కూడా జనానికి జడిసి, నీళ్ళు తెప్పించుకుని అందరి ముందూ చేతులు కడుక్కుని, శిక్షకు అప్పగించాడు. గుడ్ ఫ్రైడే నాడు శ్రమల చరిత్ర చదువుతున్నప్పుడు అడిగే ప్రశ్న ‘ఆయన్ని ఎవరు చంపారు’ అని కాదు. యూదులు చంపారని వేలెత్తి చూపే ప్రసంగాలు ఇప్పటికీ వింటుంటాను, అది పాపపు మాట. సిలువ రోమీయుల శిక్ష, యేసే ఒక యూదుడు. ఆ నింద యూదుజాతి మీద మోపడం తప్పని 1965లో కాథలిక్ సభ కూడా తేల్చి చెప్పింది. అడగాల్సింది, ఆ గుంపులో నేను ఎక్కడ నిలబడ్డాను అని. ఆయన్ని ఎరగనని బొంకిన శిష్యుడు పేతురు దగ్గరా, ఆయన బట్టలకు చీట్లు వేసుకున్న సైనికుల దగ్గరా, దూరాన నిలబడి చూస్తున్న ఆడవాళ్ళ దగ్గరా.

నేను పిలాతు దగ్గర నిలబడ్డాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక బడిలో పరీక్ష ఫీజు డబ్బులు కనపడలేదు. తొమ్మిదో తరగతి పిల్లాణ్ణి దొంగ అన్నారు. ఆ మధ్యాహ్నమంతా వాడు నా క్లాసులోనే ఉన్నాడు, వాడు తీయలేదని నాకు తెలుసు. నాకింకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. పైవాళ్ళు అడిగితే ‘నేను గమనించలేదండీ’ అన్నాను. వాడు బడి మానేశాడు. నెల తర్వాత ఆ డబ్బు బీరువాలో పాత రిజిస్టర్ల మధ్య దొరికింది, అప్పటికి ఎవరికీ వాడు గుర్తులేడు. చాలా ఏళ్ళకు పలమనేరు సంతలో టమోటా గంపలు దించుతూ కనిపించాడు. ‘నమస్తే సార్’ అన్నాడు. ‘బాగున్నావా’ అన్నాను. అంతకుమించి నోరు పెగల్లేదు. ప్రతి గుడ్ ఫ్రైడేకీ పిలాతు భాగం చదివేటప్పుడు నేను తల పైకెత్తను. పశ్చాత్తాపం అనే మాట మేం ఎక్కువ వాడతాం, నా వరకు దానికున్న రూపం ఆ టమోటా గంప.

ఇంత చెప్పాక నీకు దగ్గరగా ఉన్న పోలిక ఏమిటంటే, తద్దినం కాదు, జాగరణ. శివరాత్రికి శ్రీకాళహస్తిలో రాత్రంతా మేలుకుని కూర్చునేవాళ్ళను చూసే ఉంటావు. ఎందుకు మేలుకున్నావని అడిగితే పెద్ద వివరణ ఏమీ ఇవ్వరు. మేలుకోవడమే పూజ. రెండూ ఒకటేనని నేననడం లేదు, నమ్మకాలు వేరు, కథలు వేరు. కానీ పట్టుబడే ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు శిష్యుల్ని అడిగింది కూడా పెద్దదేమీ కాదు, ఒక్క గడియ నాతో మేలుకుని ఉండలేరా అనే. వాళ్ళు నిద్రపోయారు. ఆ గడియ బాకీ కోసమే కాథలిక్కులు గురువారం రాత్రి చాలాసేపు గుళ్ళో మౌనంగా కూర్చుంటారు, మేం శుక్రవారం మూడు గంటలు కూర్చుంటాం.

ఒకటి రెండు నాకు నచ్చనివి కూడా చెప్పేస్తాను. ఎర్రరంగు ఒళ్ళంతా పూసుకుని కొరడా దెబ్బలు ఆడే నాటకాలు నాకు పడవు. సువార్తల్లో సిలువ వేయడం గురించి ఒక్క వాక్యమే ఉంది, రక్తం వర్ణన లేదు. రాసినవాళ్ళకు సిగ్గుంది, మనకు లేదు. శుక్రవారం మధ్యాహ్నమే ‘ఆదివారం వస్తోంది’ అని చప్పట్లు కొట్టించేవాళ్ళ తొందర కూడా నాకర్థం కాదు. మధ్యలో శనివారం ఒకటుంది. సమాధికి కావలి పెట్టడం తప్ప ఆ రోజు సువార్తల్లో ఏమీ జరగదు. నిజం చెప్పాలంటే నాకు శుక్రవారం కన్నా శనివారమే కష్టం, ఇంట్లో ఏ పని ముట్టుకున్నా తోచదు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. వచ్చే గుడ్ ఫ్రైడేకి ‘హ్యాపీ’ వద్దు. అట్లాగని ‘మీ దేవుడు పోయినందుకు బాధగా ఉంది’ అని సంతాపం కూడా వద్దు, అది ఇంకా వింతగా ఉంటుంది. ‘ఈరోజు ఆరాధనకి పోతున్నావా, ఉపవాసమా?’ అని అడుగు చాలు. నిజంగా ఏదైనా చెయ్యాలనుంటే ముందు వారమే మేనేజరుతో మాట్లాడి ఆమె గురువారం రాత్రి డ్యూటీ నువ్వు తీసుకో. ప్రభుత్వాఫీసులకు సెలవే గానీ హోటళ్ళకు ఎక్కడిది? రాత్రంతా మేలుకుని మళ్ళీ పగలు మూడు గంటలు కూర్చోవడం ఎంత కష్టమో నీకు తెలుసు. శుభాకాంక్షలు ఆదివారం పొద్దున చెప్పు. అప్పుడు బెలూన్లు కూడా పంపొచ్చు.

నువ్వు చర్చికి రావచ్చా అంటే, తప్పకుండా రావచ్చు. ఎవరూ కులం మతం అడగరు. తిరుపతిలో లూథరన్ల దగ్గరికైనా కాథలిక్కుల దగ్గరికైనా పో, లేదా గంటన్నర బస్సెక్కి మా చిత్తూరు రా. కొన్ని సంఘాల్లో చెప్పులు బయట విడుస్తారు, పక్కవాళ్ళను చూసి చెయ్యి. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే చోట బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే లేచిపోతారు, నువ్వు కూర్చునే ఉండు, ఎవరూ ఏమీ అనుకోరు. పాట రాకపోతే పాడక్కర్లేదు. మధ్యలో లేచి బయటికి రావాలనిపిస్తే రావచ్చు, వెనక వరసలో కూర్చుంటే సులువు.

మా దగ్గరకొస్తే నాలుగో మాట నాదే. ఆ ముసలమ్మ అడిగిన తర్వాతి ఏడు నుంచి పాస్టరుగారిని బతిమాలి అదే తీసుకుంటున్నాను. ఇచ్చే ఇరవై నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు మాట్లాడి పక్కన బెంచీ మీద కూర్చుంటాను. మిగతా పన్నెండు నిమిషాలూ ఎవరూ ఏమీ మాట్లాడరు. మొదటి రెండేళ్ళు ‘సారుకు మాటలు మర్చిపోయినట్టుంది’ అని గుసగుసలాడారు, మైకు చెడిందేమోనని ఒకాయన లేచి వైర్లు కూడా చూశాడు. ఇప్పుడు అలవాటైంది. ఫ్యాను చప్పుడు, రోడ్డు మీద పలమనేరు బస్సు హారను, ఎవరి పాపో ఏడవడం, అంతే. ఆ ముసలమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆమె కోడలు వస్తుంది, ఎడమపక్క మూడో వరస.

మూడు దాటాక బయట వేపచెట్టు కింద రాగి అంబలి పోస్తారు. వచ్చినవాళ్ళందరికీ పోస్తారు. ఉల్లిపాయ కావాలంటే అడగాలి.